లిమిటెడ్ ఎడిషన్ సెకండ్ హ్యాండ్ కారుకి ఎక్కువ డబ్బు పెట్టొచ్చా? ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 నుంచి పోర్షే 911 ఆర్ వరకు అసలు లెక్క ఇదీ!

సెకండ్ హ్యాండ్‌లో ఫాస్ట్ కారు కోసం వెతికేవాళ్లకి ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది: "అన్నా, ఇది ఇండియా మొత్తానికి 200 మాత్రమే వచ్చింది. మళ్లీ దొరకదు." ఆ ఒక్క మాటతో ధర లక్షల్లో పైకి పోతుంది. దాని పక్కనే అదే మోడల్, అదే ఇంజిన్ కుటుంబం, కానీ మామూలు వెర్షన్ చాలా తక్కువ ధరకి ఉంటుంది. మరి ఆ ఎక్కువ డబ్బుకి మన చేతికి వచ్చేది ఏంటి?

షార్ట్‌గా చెప్పాలంటే, కొన్ని లిమిటెడ్ ఎడిషన్లకి ఎక్కువ పెట్టొచ్చు, చాలావాటికి అక్కర్లేదు. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. సెల్లర్ చెప్పే ధరని మూడు ముక్కలు చేసి చూడాలి. ఒకటి, ఆ ఎడిషన్‌లో నిజంగా వేరే హార్డ్‌వేర్ ఎంత ఉంది. రెండు, అది ఎంత అరుదు. మూడు, దాని చుట్టూ అల్లిన కథ. ఈ మూడింటికీ కలిపి ఒకే రేటు చెప్తారు కాబట్టి కొనేవాళ్లు కన్ఫ్యూజ్ అవుతారు. ఇప్పుడు ఒక్కోటి విడదీసి చూద్దాం.

ముందు మనకి తెలిసిన ఫోన్ ఉదాహరణ

2018 డిసెంబర్‌లో వన్‌ప్లస్ 6టీ మెక్‌లారెన్ ఎడిషన్ వచ్చింది గుర్తుందా? ఇండియాలో ధర రూ. 50,999. మామూలు 6టీ 8 జీబీ ర్యామ్, 256 జీబీ వెర్షన్ రూ. 45,999. అంటే తేడా 5 వేలు. ఆ 5 వేలకి 10 జీబీ ర్యామ్, 30 వాట్ల వార్ప్ ఛార్జ్, బాక్సులో మెక్‌లారెన్ సరంజామా, వెనక నారింజ రంగు అంచు వచ్చాయి. ఫాస్ట్ ఛార్జింగ్ నిజమైన హార్డ్‌వేర్ తేడా, రోజూ పనికొచ్చేది. ఆ రోజుకి అది బాగానే ఉన్న డీల్.

ఐదు నెలలు తిరిగేసరికి 2019 మేలో వన్‌ప్లస్ 7 ప్రో వచ్చింది. అదే 30 వాట్ల ఛార్జింగ్ అన్ని వెర్షన్లలోనూ ఇచ్చారు, ర్యామ్ 12 జీబీ వరకు పెంచారు. మెక్‌లారెన్ ఎడిషన్‌లో స్పెషల్ అనుకున్నది మామూలు ఫోన్‌లోకి దిగిపోయింది. ఇక దానికి ప్రత్యేకంగా మిగిలింది రంగు, లోగో.

కార్లలో కూడా ఇదే జరుగుతుంది. కాకపోతే ఫోన్‌లో నష్టం వేలల్లో ఉంటే కారులో లక్షల్లో ఉంటుంది. పైగా ఈఎంఐ ఐదేళ్లు కడుతూనే ఉండాలి.

స్టిక్కర్ ఎడిషన్లు

మొదటి రకం సింపుల్. ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే, సస్పెన్షన్ అదే. కొత్త రంగు, నల్ల గ్రిల్, సీటు మీద కుట్టు, డోర్ దగ్గర ఒక ప్లేట్. 2022లో బీఎండబ్ల్యూ తన ఎం విభాగానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా మన దేశంలో చాలా మోడళ్లకి "50 యారే ఎం ఎడిషన్" తెచ్చింది. అందులో ఎం340ఐ కూడా ఉంది. చాలా మంచి కారు, అందులో డౌట్ లేదు. కానీ బానెట్ కింద ఉన్నది మామూలు ఎం340ఐలో ఉన్న ఇంజినే. తేడా అంతా బ్యాడ్జి, రంగులు, అలంకరణలో ఉంది.

సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి ఎడిషన్ దొరికితే, అదే ఏడాది, అదే కిలోమీటర్లు, అదే కండిషన్ ఉన్న మామూలు కారు ధర చూడండి. ఆ రంగు మీకు నచ్చితే కొంచెం పైన ఇవ్వండి, అది మీ ఇష్టం. కానీ అది పెట్టుబడి అనుకోవద్దు. మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లకి కూడా ఆ రంగే నచ్చాలని రూలేం లేదు.

నిజమైన తేడా ఎలా ఉంటుంది: ఆక్టేవియా ఆర్‌ఎస్ 230, ఆర్‌ఎస్ 245

ఇప్పుడు మన దేశంలో అందరూ మాట్లాడుకునే కేసు చూద్దాం. స్కోడా 2017 ఆగస్టులో ఆక్టేవియా ఆర్‌ఎస్‌ని ఇక్కడ రూ. 24.62 లక్షల ఎక్స్ షోరూం ధరకి తెచ్చింది. దీన్నే ఆర్‌ఎస్ 230 అంటారు. తర్వాత 2020 ఆటో ఎక్స్‌పోలో ఆర్‌ఎస్ 245 చూపించారు. 200 కార్లు మాత్రమే, పూర్తిగా తయారై దిగుమతి అయినవి, ధర రూ. 35.99 లక్షలు. రెండింటిలోనూ 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజినే.

పేపర్ మీద తేడాలు ఇవీ:

పవర్: 230 పీఎస్, 350 ఎన్‌ఎం నుంచి 245 పీఎస్, 370 ఎన్‌ఎంకి పెరిగింది.

0 నుంచి 100 కి.మీ. వేగం: కంపెనీ లెక్క ప్రకారం 6.8 సెకన్ల నుంచి 6.6 సెకన్లకి తగ్గింది.

గేర్‌బాక్స్: 6 గేర్ల డీఎస్‌జీ స్థానంలో 7 గేర్ల డీఎస్‌జీ.

డిఫరెన్షియల్: ఆర్‌ఎస్ 245లో ఎలక్ట్రానిక్‌గా కంట్రోల్ అయ్యే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది. స్కోడా దీన్ని వీఏక్యూ అంటుంది.

వీటిలో దేనికి ఎంత ఇవ్వొచ్చు? ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుంటే పని సులువవుతుంది: ఇది మామూలు కారుకి తర్వాత పెట్టించుకోగలమా?

పవర్ తేడా తీసుకోండి. 15 పీఎస్ అనేది ఈ ఇంజిన్ కుటుంబంలో దాదాపు సాఫ్ట్‌వేర్ విషయం. ఈసీయూ రీమ్యాప్ చేసే షాపులు స్టేజ్ 1తోనే ఈ ఇంజిన్‌ని 300 పీఎస్ దగ్గరికి తీసుకెళ్తామని చెప్తాయి. చేయించమని చెప్పడం లేదు. రీమ్యాప్ చేస్తే వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌తో చిక్కులు వస్తాయి, గేర్‌బాక్స్ మీద లోడ్ పెరుగుతుంది. కానీ 15 పీఎస్ కోసం లక్షలు ఇవ్వడం మాత్రం దండగ. 0.2 సెకన్ల తేడా స్టాప్‌వాచ్‌కి తెలుస్తుంది, సీట్లో కూర్చున్న మనిషికి తెలియదు.

డిఫరెన్షియల్ కథ వేరు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుని మలుపులో తిప్పుతూ యాక్సిలరేటర్ తొక్కితే, బరువంతా బయటి వైపు చక్రం మీదకి వెళ్తుంది. లోపలి చక్రం తేలికై గిర్రున తిరిగిపోతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉంటే ఆ తేలిక చక్రమే పవర్‌ని తినేస్తుంది. చాలా కార్లలో దీనికి మందు ఏంటంటే, లోపలి చక్రానికి బ్రేక్ వేసి ఆపడం. అది పనిచేస్తుంది కానీ బ్రేక్ వేడెక్కుతుంది, కారు స్పీడ్ కూడా కొంత తగ్గుతుంది. వీఏక్యూలో ప్లేట్ల క్లచ్ ఒకటి ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ ఆ క్లచ్‌ని బిగించి, పట్టు ఉన్న బయటి చక్రానికి పవర్ పంపిస్తుంది. దాంతో కారు ముక్కు మలుపు బయటికి జారకుండా లోపలికి లాక్కుంటుంది.

దీన్ని తర్వాత పెట్టించుకోవడం కష్టం. బయటి కంపెనీల మెకానికల్ డిఫరెన్షియల్స్ దొరుకుతాయి, కానీ దిగుమతి చేసుకోవాలి, గేర్‌బాక్స్ విప్పాలి, ఆ పని తెలిసిన మెకానిక్ దొరకాలి. కాబట్టి ఆర్‌ఎస్ 245కి మీరు ఎక్కువ ఇస్తున్నారంటే ఆ డబ్బులో సమర్థించుకోగలిగిన పెద్ద భాగం ఇదే.

అయితే ఇది మీకు ఎక్కడ పనికొస్తుంది? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పనికిరాదు. అక్కడ అంతా తిన్నగా ఉంటుంది, స్పీడ్ లిమిట్ గంటకి 120 కి.మీ. చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌ల మీద ట్రాక్ డేలకి వెళ్లేవాళ్లకి బాగా తెలుస్తుంది. అరకు ఘాట్, శ్రీశైలం ఘాట్ లాంటి చోట వర్షం పడ్డ రోడ్డు మీద కొంత తెలుస్తుంది. రోజూ గచ్చిబౌలి నుంచి మాదాపూర్ వెళ్లి వచ్చే కారుకి ఆ డిఫరెన్షియల్ ఉన్నా లేకపోయినా ఒకటే.

షోరూం ధర తేడాని నమ్మొద్దు

సెల్లర్లు చెప్పే ఇంకో లాజిక్ ఉంటుంది: "కొత్తప్పుడే ఈ రెండింటికీ 11 లక్షల తేడా ఉంది అన్నా, ఇప్పుడు 8 లక్షలే తేడా అడుగుతున్నా." వినడానికి న్యాయంగానే ఉంటుంది. 35.99 నుంచి 24.62 తీసేస్తే 11.37 లక్షలు, లెక్క కరెక్టే.

కానీ ఆ తేడా మొత్తం కారులోకి వెళ్లలేదు. పూర్తిగా తయారైన కారుని దిగుమతి చేస్తే భారీ కస్టమ్స్ సుంకం పడుతుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ, అప్పట్లో సెస్ కూడా ఉండేది. కొత్త ఐఫోన్‌కి అమెరికా ధర, ఇండియా ధర ఎందుకు వేరో మీకు తెలుసు కదా, అలాంటిదే. మొదటి ఓనర్ కట్టిన పన్ను ప్రభుత్వానికి వెళ్లిపోయింది. దాన్ని రెండో ఓనర్ మళ్లీ భరించాల్సిన పని లేదు.

అరుదు అయితే చాలా? పోలో జీటీఐని అడగండి

2016 నవంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐని మన దేశానికి తెచ్చింది. 3 డోర్లు, 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, 192 పీఎస్. ఎన్ని కార్లు? 99. ఆర్‌ఎస్ 245 కంటే సగం. ధర రూ. 25.99 లక్షలు.

99 కార్లంటే గంటల్లో అయిపోవాలి కదా? అవ్వలేదు. ఆ తర్వాత కంపెనీ ధరని రూ. 19.99 లక్షలకి తగ్గించింది. ఏకంగా 6 లక్షల కోత. చూడ్డానికి దాదాపు మామూలు పోలోలా ఉన్న 3 డోర్ల కారుకి 26 లక్షలు పెట్టేవాళ్లు మన దగ్గర అంతమంది లేరు.

తక్కువ ఉన్నంత మాత్రాన ధర పెరగదు. ఆ తక్కువ కార్ల కోసం ఎక్కువ మంది ఎగబడాలి. 200 కార్లకి 2,000 మంది ఉంటే ధర పెరుగుతుంది. 99 కార్లకి 60 మందే ఉంటే తగ్గుతుంది. అందుకే "ఎన్ని తయారు చేశారు" అన్న ప్రశ్నతో ఆగిపోకండి. అదే కారు యాడ్ ఎన్ని వారాల నుంచి ఆన్‌లైన్‌లో ఉందో చూడండి. రెండు నెలలైనా అమ్ముడుపోకపోతే ఆ ధర సెల్లర్ ఆశ మాత్రమే.

అరుదు నిజంగా పనిచేసిన చోట

విదేశాల్లో రెండు క్లాసిక్ కేసులు ఉన్నాయి. రెండూ ఒకేలా మొదలై వేరే దారుల్లో వెళ్లాయి.

మొదటిది బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్‌ఎల్. 2003లో ఈ46 తరం ఎం3 మీద చేశారు. మొత్తం 1,383 కార్లు. అమెరికాలో అసలు అమ్మలేదు. మామూలు ఎం3 కంటే 110 కిలోలు తక్కువ బరువు, పైకప్పు కార్బన్ ఫైబర్, పవర్ 343 పీఎస్ నుంచి 360 పీఎస్. ఈ రోజు యూరప్ మార్కెట్లో ఒక మంచి సీఎస్‌ఎల్ ధర మామూలు ఎం3 ధరకి కొన్ని రెట్లు ఉంటుంది.

17 పీఎస్‌కి అంత ధరా? కాదు. బీఎండబ్ల్యూ మళ్లీ అలాంటి బరువుతో, ఆ టర్బో లేని 6 సిలిండర్ల ఇంజిన్‌తో ఎం3 చేయలేదు. ఆ తలుపు మూసుకుపోయింది కాబట్టి ఆ ధర నిలబడింది.

ఇక్కడ తెలివైనవాళ్లు చేసిన పని ఇంకోటి ఉంది. 2005 ప్రాంతంలో బీఎండబ్ల్యూ బ్రిటన్‌లో ఎం3 సీఎస్ పేరుతో, అమెరికాలో కాంపిటీషన్ ప్యాకేజీ పేరుతో ఒక ఆప్షన్ ఇచ్చింది. సీఎస్‌ఎల్‌లో ఉన్న చురుకైన స్టీరింగ్, పెద్ద ముందు బ్రేకులు అందులో వచ్చాయి. కార్బన్ పైకప్పు రాలేదు, కానీ నడిపేటప్పుడు చేతికి తెలిసే భాగాలు వచ్చాయి. ధర సీఎస్‌ఎల్‌లో చిన్న ముక్క. నడపడానికే కొనేవాళ్లు లిమిటెడ్ ఎడిషన్‌కి ఒక మెట్టు కింద ఏముందో కూడా చూడాలి అనడానికి ఇది మంచి ఉదాహరణ.

రెండో కేసు పోర్షే 911 ఆర్. 2016లో వచ్చింది, 991 కార్లు మాత్రమే. 4 లీటర్ల ఇంజిన్, 500 పీఎస్, 6 గేర్ల మాన్యువల్, వెనక పెద్ద రెక్క లేదు. అప్పట్లో 911 జీటీ3 ఆటోమేటిక్ పీడీకేతో మాత్రమే వచ్చేది. ఆ రేంజ్ ఇంజిన్‌కి మాన్యువల్ కావాలంటే 911 ఆర్ ఒక్కటే దారి. దాంతో సెకండ్ హ్యాండ్ ధర షోరూం ధరకి ఎన్నో రెట్లు ఎగబాకింది.

2017లో పోర్షే కొత్త జీటీ3లో మాన్యువల్ గేర్‌బాక్స్ తిరిగి ఇచ్చింది. అదే ఏడాది పెద్ద రెక్క లేని టూరింగ్ ప్యాకేజీ కూడా వచ్చింది. దీనికీ 500 పీఎస్. 911 ఆర్ ఇప్పటికీ తేలికైన కారే, ఇప్పటికీ కలెక్టర్ల కారే. కానీ దాని దగ్గర మాత్రమే ఉన్న ఒక్క విషయం ఇప్పుడు ఇంకో కారులోనూ దొరుకుతోంది. అప్పటి పీక్ ధర నుంచి బాగా కిందికి దిగింది. శిఖరం మీద కొన్నవాళ్లు ఇరుక్కున్నారు. 6టీ మెక్‌లారెన్‌కి 7 ప్రో చేసిన పనే ఇక్కడ జీటీ3 టూరింగ్ చేసింది.

మన ఆర్‌ఎస్ 245కి ఇది వర్తిస్తుందా? కొంతవరకు. 2025లో స్కోడా కొత్త ఆక్టేవియా ఆర్‌ఎస్‌ని 100 కార్లు తెచ్చింది. 265 పీఎస్, రూ. 49.99 లక్షలు. అవి వెంటనే బుక్ అయిపోయాయి. దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఆర్‌ఎస్ పేరుకి మన దగ్గర డిమాండ్ గట్టిగానే ఉంది. అలాగే "మళ్లీ ఆర్‌ఎస్ రాదు" అన్న సెల్లర్ మాట చెల్లలేదు.

ఒకే కారులో రెండు కోరికలు

ఇప్పటివరకు చెప్పినదాంట్లో చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటి ఉంది. హార్డ్‌వేర్‌కి ఇచ్చిన డబ్బు కారు నడిపితేనే తిరిగి వస్తుంది, సరదా రూపంలో. అరుదుకి ఇచ్చిన డబ్బు కారు నడపకపోతేనే నిలుస్తుంది. 15,000 కి.మీ. తిరిగిన కారుకి ఉన్న అదనపు ధర 90,000 కి.మీ. తిరిగిన కారుకి ఉండదు.

అంటే మీరు రెండింటికీ కలిపి డబ్బు కట్టి, ఒకటే వాడుకోగలరు. వీకెండ్ వస్తే ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లైతే మీటర్ తిరిగే కొద్దీ అరుదు కోసం ఇచ్చిన లక్షలు కరుగుతుంటాయి. కవర్ కప్పి గ్యారేజీలో పెట్టేవాళ్లైతే ఆ డిఫరెన్షియల్‌కి ఇచ్చిన డబ్బు దండగ. కొనే ముందే మీరు ఏ పార్టీయో తేల్చుకోవాలి.

గ్యారేజీలో పెట్టిన కారు కూడా ఫ్రీగా ఉండదు. ఇన్సూరెన్స్ కట్టాలి, నడవకపోయినా ఆయిల్ మార్చాలి, బ్యాటరీ చూసుకోవాలి, టైర్లు గట్టిపడిపోతాయి. టైరు పక్కన 4 అంకెల కోడ్ ఉంటుంది. 2520 అని ఉంటే 2020లో 25వ వారం తయారైందని అర్థం. తక్కువ తిరిగిన లిమిటెడ్ ఎడిషన్‌లో టైరు మీద గీతలు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం పాతబడి ఉంటుంది.

అసలు రిస్క్: ఇన్సూరెన్స్ కంపెనీకి మీ "లిమిటెడ్" తెలియదు

ఇది మన దేశంలో కొనేవాళ్లు తప్పక చదవాల్సిన భాగం. కారు దొంగతనం జరిగినా, పూర్తిగా పాడైనా ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేది మీరు కొన్న ధర కాదు, పాలసీలో రాసిన ఐడీవీ. దీన్ని కంపెనీ లిస్ట్ ధర మీద వయసుని బట్టి తరుగు తీసి లెక్కేస్తారు. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు కారుకి 40 శాతం తరుగు, నాలుగు దాటి ఐదేళ్ల లోపు కారుకి 50 శాతం. ఐదేళ్లు దాటితే కంపెనీ, ఓనర్ కలిసి ఒక అంకెకి ఒప్పుకోవాలి.

రూ. 35.99 లక్షల కారుకి 50 శాతం అంటే సుమారు 18 లక్షలు. ఈ లెక్కలో "200 మాత్రమే" అన్న మాటకి చోటు లేదు. ఒక ఉదాహరణ అనుకుందాం. మీరు ఐదేళ్లు దాటిన ఆర్‌ఎస్ 245ని 24 లక్షలకి కొన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ 16 లక్షల ఐడీవీకి ఒప్పుకుంది. కారు పోతే 8 లక్షలు మీ జేబులోంచి పోయినట్టే. లోన్ ఉంటే ఈఎంఐలు మాత్రం ఆగవు.

ఇంకో మెలిక ఉంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారుని టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. 16 లక్షల్లో 75 శాతం అంటే 12 లక్షలు. దిగుమతి కారుకి హెడ్‌లైట్లు, బంపర్లు, ఎయిర్‌బ్యాగులు, సస్పెన్షన్ భాగాలు బయటి నుంచే రావాలంటే గట్టి యాక్సిడెంట్ ఒక్కటి చాలు, బిల్లు అక్కడికి చేరడానికి. బాగు చేయగలిగే కారు కూడా కాగితం మీద తుక్కు అయిపోవచ్చు.

ఐదేళ్లు దాటిన కార్లకి చాలా కంపెనీలు జీరో డిప్రిసియేషన్ కవర్ ఇవ్వవు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం ఖర్చు మనదే. ఆర్‌ఎస్ ముందు బంపర్ ప్లాస్టిక్కే అని గుర్తుపెట్టుకోండి. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి. ఐడీవీ ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది.

లోన్ విషయంలోనూ అంతే. బ్యాంకు తన వాల్యుయర్ చెప్పిన విలువ మీదే లోన్ ఇస్తుంది. అరుదు కోసం పెట్టే డబ్బు ఎక్కువగా మీ సొంత జేబులోంచే రావాలి.

వేరే రాష్ట్రం కారు అయితే

200 కార్లే ఉన్నప్పుడు మీకు నచ్చింది మీ ఊళ్లోనే దొరకడం కష్టం. బెంగళూరులోనో ముంబైలోనో దొరుకుతుంది. అప్పుడు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. ఇంత ఖరీదైన కార్లకి ఆ టాక్స్ లక్షల్లోకి పోతుంది. పాత రాష్ట్రంలో కట్టినదాంట్లో మిగిలిన భాగం రీఫండ్‌కి అప్లై చేసుకోవచ్చు, కానీ ఆ ఫైలు వెంట తిరగాలి. సెల్లర్ చెప్పిన ధరకి ఇవన్నీ కలిపితేనే అసలు ధర.

ఒరిజినలేనా? ఇలా చెక్ చేయండి

లిమిటెడ్ ఎడిషన్ అనేది కాగితాలతో నిలబడే విషయం. బ్యాడ్జిలు, గ్రిల్, బంపర్లు బయట ఎవరికైనా దొరుకుతాయి.

ఛాసిస్ నంబర్‌ని ఆర్సీతోనూ, కారు మీద చెక్కిన నంబర్‌తోనూ పోల్చండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ నంబర్ చెప్పి ఏ వెర్షనో, సర్వీస్ హిస్టరీ ఎలా ఉందో అడగండి.

ఒరిజినల్ చక్రాలు, ఎగ్జాస్ట్, రెండు తాళాలు, పాత బిల్లులు ఉన్నాయా చూడండి. అరుదుకి డబ్బు ఇస్తుంటే ఇవి తప్పనిసరి. బయటి చక్రాలు వేసి ఒరిజినల్స్ అమ్మేసిన కారుకి ఆ అదనపు ధర చెల్లదు.

రీమ్యాప్ అయిందేమో కనుక్కోండి. అమ్మే ముందు స్టాక్ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసేవాళ్లు ఉంటారు. ఈసీయూని ఎన్నిసార్లు రాశారో చూడగలిగే డయాగ్నస్టిక్ టూల్స్ స్పెషలిస్ట్ గ్యారేజీల దగ్గర ఉంటాయి. ఆ చెక్‌కి అయ్యే ఖర్చు మీరు పెట్టే డబ్బు ముందు లెక్కలోది కాదు.

ఫైనల్ ధర ఎలా తేల్చాలి

ఒక పేపర్ తీసుకోండి. ముందు మామూలు వెర్షన్ ధర రాయండి. దానికి వయసు తేడా కలపండి, ఎందుకంటే ఆర్‌ఎస్ 245 చాలా ఆర్‌ఎస్ 230ల కంటే రెండు మూడేళ్లు చిన్నది. తర్వాత హార్డ్‌వేర్ విలువ కలపండి. మిగిలింది అరుదు, కథ.

అంకెలు అనుకుని చూద్దాం. ఆర్‌ఎస్ 230 ధర 15 లక్షలు, ఆర్‌ఎస్ 245 ధర 24 లక్షలు. తేడా 9 లక్షలు. వయసుకి 3 లక్షలు తీసేయండి. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్ వగైరాకి రెండున్నర లక్షలు. ఇక మిగిలిన మూడున్నర లక్షలు "200 మాత్రమే" అన్న మాటకి. ఆ మొత్తాన్ని 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చారనుకుంటే ఏడాదికి 42 వేల వడ్డీ. ఆ మూడున్నర లక్షలు అలాగే నిలవాలంటే మీరు కారుని తక్కువ తిప్పాలి, ఒరిజినల్‌గా ఉంచాలి, యాక్సిడెంట్ కాకూడదు, కంపెనీ అదే ఫీచర్లతో మామూలు కారు తేకూడదు. ఈ నాలుగింటిలో చివరిది అసలు మీ చేతిలో లేదు.

మరి కొనాలా, వద్దా?

నడపడానికి కొనేవాళ్లు మంచి హిస్టరీ ఉన్న ఆర్‌ఎస్ 230 చూడటం మేలు. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు మార్పించుకోండి. సగం అరిగిన టైర్లతో ఉన్న ఆర్‌ఎస్ 245 కంటే కొత్త టైర్లు వేసిన ఆర్‌ఎస్ 230 తడి రోడ్డు మీద ఎక్కువ నమ్మకం ఇస్తుంది. ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలు పక్కా అనుకునేవాళ్లకి మాత్రం డిఫరెన్షియల్ కోసం ఆర్‌ఎస్ 245 అర్థవంతమే. అప్పుడు ఎక్కువ తిరిగిన ఆర్‌ఎస్ 245 కోసం వెతకండి. అరుదు ప్రీమియం అప్పటికే పాత ఓనర్ దగ్గర కరిగిపోయి ఉంటుంది, హార్డ్‌వేర్ మాత్రం అలాగే ఉంటుంది.

దాచుకోవడానికి కొనేవాళ్లు తక్కువ కిలోమీటర్లు, పూర్తి ఒరిజినల్, అన్ని కాగితాలు ఉన్నది మాత్రమే తీసుకోండి. అది కూడా అప్పు లేకుండా, పోయినా తట్టుకోగలిగే డబ్బుతో. లోన్ మీద కొని, రోజూ ఆఫీసుకి తిప్పుతూ, ఐదేళ్ల తర్వాత లాభానికి అమ్ముదాం అనుకునే ప్లాన్ ఉంటే దాన్ని ఇప్పుడే పక్కన పెట్టేయండి.

సెల్లర్‌కి ఫోన్ చేసే ముందు ఒక చిన్న పని చేయండి. ఆ కారు మీద ఎడిషన్ పేరు లేదనుకుని, ఏ ధరకి కొంటారో రాసుకోండి. ఆయన చెప్పిన ధరకీ మీ అంకెకీ మధ్య ఉన్న తేడానే మీరు ఆ పేరుకి కడుతున్న డబ్బు. అంత ఇవ్వడం మీకు ఓకే అయితేనే బేరానికి వెళ్లండి.